దెబ్బ తర్వాత విన్న మాట

విశాఖపట్నం కోర్టుల్లో ఏడాది తేడాతో రెండు తీర్పులు వచ్చాయి. మొదటిది 2023 ఏప్రిల్ 6న, వాకపల్లి కేసులో. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలంలోని ఆ కొండ ఊరికి కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. పదిహేనేళ్లు దాటాక, విచారణ ఎదుర్కొన్న 13 మందీ నిర్దోషులుగా బయటికొచ్చారు. దర్యాప్తు సరిగా జరగలేదని కోర్టే తప్పుపట్టింది, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మని చెప్పింది. రెండోది 2024 ఏప్రిల్ 16న, వెంకటాయపాలెం శిరోముండనం కేసులో. 1996 డిసెంబరు 29న రామచంద్రపురం దగ్గర అయిదుగురు దళిత యువకులను కొట్టి, వాళ్లలో ఇద్దరికి గుండు గీయించి కనుబొమలు తీయించిన కేసులో ఎమ్మెల్సీ తోట త్రిమూర్తులుకూ, మరికొందరికీ పద్దెనిమిది నెలల శిక్ష పడింది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు తీర్పు వచ్చేసరికి నడివయసుకు వచ్చారు.

ఈ రెండు తీర్పులనూ ఒకే ఊళ్లో, ఒకే పేపర్లో చదివినవాళ్లకు అవి ఒకేలా అర్థం కాలేదు. ఒకరికి అవి చట్టం ఆలస్యంగానైనా పనిచేస్తుందనడానికి సాక్ష్యం. ఇంకొకరికి అది ఎవరి కోసం ఎంత నెమ్మదిగా పనిచేస్తుందో చూపే సాక్ష్యం. కులం, తెగ, రంగు పేరుతో జరిగే అన్యాయాన్ని మనిషి ఎలా చూస్తాడన్నది అతని బతుకే నిర్ణయిస్తుందని మనం చాలాకాలంగా అనుకుంటున్నాం. అది సగం నిజం. దెబ్బ ఒక్కటే మనిషికి దృష్టినివ్వదు. దెబ్బ తిన్నాక స్టేషన్లో, ఆఫీసులో, సంఘంలో, కోర్టులో అతను ఏ జవాబు విన్నాడన్నది అంతకంటే ఎక్కువ పని చేస్తుంది. తన దెబ్బకు జవాబు ఏ రకంగా దొరికిందన్న దాన్ని బట్టే పక్కవాడి దెబ్బ అతనికి కనిపిస్తుంది, లేదా కనిపించదు. ఈ రేవు ఊరి వందేళ్ల చరిత్ర చూస్తే నాకలాగే తోస్తోంది.

ముందు పరిశోధకుల మాట కొంచెం. 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ద్వేషభావాల మీద రాసిన పుస్తకంలో, వేర్వేరు సమూహాల మనుషులు దగ్గరైతే ఈసడింపు తగ్గుతుందన్నాడు. అయితే షరతులు పెట్టాడు: ఇద్దరి హోదా సమానంగా ఉండాలి, ఒకే పని కోసం కలిసి శ్రమించాలి, పైఅధికారం దానికి దన్నుగా నిలవాలి. మాథ్యూ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్‌లో కుర్రాళ్లతో క్రికెట్ లీగులు పెట్టించి దీన్ని కులాల మధ్య పరీక్షించాడు. ఒకే జట్టులో ఆడినవాళ్ల మధ్య కులాంతర స్నేహాలు పెరిగాయి. ఎదురు జట్లుగా తలపడినప్పుడు తగ్గాయి. 2021లో అచ్చయిన ఆ ఫలితం మన ఫ్యాక్టరీలకూ హాస్టళ్లకూ కూడా వర్తించేదే. ఎదురెదురుగా బతకడం, కలిసి బతకడం రెండు వేర్వేరు అనుభవాలు.

సర్వేల్లో ఇంకో విడ్డూరం కనిపిస్తుంది. 2011–12 నాటి భారత మానవాభివృద్ధి సర్వేలో, తమ ఇంట్లో అంటరానితనం పాటిస్తామని నూటికి 27 కుటుంబాలు నోటితో ఒప్పుకున్నాయి. ప్యూ సంస్థ 2019–20లో దాదాపు 30 వేలమందిని అడిగితే, దళితుల మీద వివక్ష చాలా ఉందన్నవాళ్లు నూటికి 20 మందే. దళితుల్లో కూడా 27 మందే. రెండు సర్వేల ప్రశ్నలూ కాలమూ వేరు కాబట్టి అంకెలను పక్కపక్కన పెట్టి లెక్క కట్టకూడదు. అయినా పాటించేవాళ్లు ఒప్పుకుంటున్నంత మేరకైనా చూసేవాళ్లు చూడడం లేదన్నది తెలుస్తూనే ఉంది. దక్షిణాదిలో మాత్రం వివక్ష చాలా ఉందన్నవాళ్లు నూటికి 30 మంది, మధ్యభారతంలో 13 మంది. దక్షిణాదిలో వివక్ష రెండింతలుందని దీనర్థమా? నాకు అలా అనిపించదు. కారంచేడు (1985), చుండూరు (1991)లలో దళితుల హత్యాకాండల తర్వాత దాన్ని వివక్ష అని పేరు పెట్టి పిలవడం ఇక్కడ జనం నేర్చుకున్నారు. సంఘాలు నేర్పాయి. అంతకుముందు అదే అనుభవం ‘మామూలే’ అన్న మాటలో కలిసిపోయేది.

ఇక మన తీరానికి వద్దాం. విశాఖ రేవు 1933లో తెరుచుకుంది. అంతకు ముందు నుంచే విశాఖ, భీమిలి, కళింగపట్నం, కాకినాడల నుంచి కూలీలు రంగూన్ వెళ్లేవాళ్లు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లకు కోరంగీలని పేరు పడింది. బియ్యం మిల్లుల్లో బస్తాలు, ఓడరేవులో మూటలు, రిక్షాలు వాళ్ల పని. ఇ.జె.ఎల్. ఆండ్రూ 1933లో రంగూన్‌లోని భారతీయ కూలీల మీద రాసిన పుస్తకంలో ఆ బతుకు వివరంగా ఉంది: మేస్త్రీల అప్పులు, కిక్కిరిసిన బసలు, కంట్రాక్టుల దోపిడీ. నగరం మలం ఎత్తే పని కూడా చాలావరకు తెలుగువాళ్లదే. ఊళ్లో ఆ పని ఎవరికి కట్టబెట్టారో సముద్రం దాటాక కూడా వాళ్ల చేతికే వచ్చింది.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ల బదులు బర్మా కూలీలను పెట్టాయి. కొన్నాళ్లకు తెలుగువాళ్లతో రాజీ కుదరగానే బర్మా వాళ్లను పొమ్మన్నాయి. మే 26న అల్లర్లు మొదలయ్యాయి. వందమందికి పైగా చచ్చిపోయారు, అందులో ఎక్కువమంది తెలుగు కూలీలు. కత్తులు పట్టుకొచ్చినవాళ్లకు వీళ్లు మాలలా, కాపులా, వెలమలా అన్నది అక్కర్లేదు. అందరూ ‘కలా’లే, అంటే పరాయి నల్లవాళ్లే. ఓడల కంపెనీల లెక్కల్లో పుట్టిన తగవు వీధిలోకి వచ్చేసరికి రంగు తగవైంది. తక్కువ కూలికి రెండు జాతుల పేదవాళ్లను ఎదురు జట్లుగా నిలబెడితే ఏమవుతుందో ఆ వారం చూపించింది.

1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు నాలుగు లక్షలకు పైగా భారతీయులు బర్మా వదిలి వచ్చారు. చాలామంది అడవుల్లో నడిచి వచ్చారు. నేవిన్ ప్రభుత్వం 1960లలో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక మరో విడత కాందిశీకులు వచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు అలా మిగిలింది. 2018లో వెంకటేశ్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమా ఎక్కువగా అక్కడి జనాన్నే నటింపజేసి, కులమూ మతమూ ప్రేమకు ఎలా అడ్డుపడతాయో చూపించింది. కాందిశీకులు, రైల్వే కార్మికులు, రేవు కూలీలు ఇరుకిరుకుగా కలిసి బతికిన పేటలో ఆ కథ పుట్టడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

అయితే రంగూన్‌లో పరాయివాడై తన్నులు తిన్న అనుభవం ఊరికొచ్చాక కులం విషయంలో మనవాళ్ల కళ్లు తెరిపించిందా? తెరిపించినట్టు ఆధారాలు తక్కువ. బర్మా నుంచి తిరిగొచ్చినవాడు తన బాధను దేశం కోల్పోయిన బాధగా చెప్పుకున్నాడు. ప్రభుత్వం కూడా కాందిశీకుడిగానే చూసి ఇంటిజాగా ఇచ్చింది, అప్పు ఇచ్చింది. జవాబు ఆ భాషలో వచ్చింది కాబట్టి అనుభవం ఆ భాషలోనే గుర్తుండిపోయింది. ఊరికొచ్చిన దళితుడికి మాత్రం పాత వాడ పాతచోటే ఉంది.

దక్షిణాఫ్రికాలో ఇది ఇంకో మలుపు తిరిగింది. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. ఆ తర్వాతి యాభై ఏళ్లలో గంజాం, విశాఖ జిల్లాల నుంచి వేలమంది తెలుగువాళ్లు చెరకుతోటలకు వెళ్లారు. వాళ్ల పిల్లలు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. రంగునుబట్టి ఊళ్లు, బళ్లు, బీచ్‌లు వేరు చేసిన పాలన కింద రెండు తరాలు బతికారు. అదే డర్బన్‌లో 2001 ఆగస్టు చివర ఐక్యరాజ్యసమితి జాత్యహంకార వ్యతిరేక సభ జరిగింది. కులాన్ని కూడా అక్కడ చర్చించాలని దళిత సంఘాలు పట్టుబట్టాయి. అందులో తెలుగునేల నుంచి వెళ్లినవాళ్లు ముందువరుసలో ఉన్నారు. కులం జాతి కాదు, ఇది మా ఇంటి విషయం అని భారత ప్రభుత్వం అడ్డుకుంది. వర్ణవివక్ష మీద ప్రపంచమంతా తిరిగి దక్షిణాఫ్రికాను నిలదీసిన దేశం కులం దగ్గరికొచ్చేసరికి తలుపు వేసుకోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఉక్కు ఫ్యాక్టరీ కథలో అనుభవం ఎన్ని ముక్కలవుతుందో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1966 అక్టోబరు 15న టి.అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో ఊళ్లు కదిలాయి. నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. రాష్ట్రమంతా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు.

ఆంధ్రుల హక్కు అన్నప్పుడు ఆ ఆంధ్రులు ఎవరు? వీధిలోకొచ్చిన విద్యార్థికి అది ఢిల్లీ చేసిన అన్యాయం మీద పోరాటం. గాజువాక, పెదగంట్యాడ వైపు భూములు ఇచ్చిన రైతుకు అది వేరు. అరవైకి పైగా గ్రామాలు, పదహారువేలకు పైగా కుటుంబాలు లేచిపోయాయి. వాళ్ల చేతికి ఆర్-కార్డులు, అంటే పునరావాస కార్డులు వచ్చాయి, సగం మందికే ఫ్యాక్టరీలో ఉద్యోగాలు దొరికాయి. మిగిలినవాళ్లు తరం మారినా ఆ కార్డు దాచుకుని దీక్షాశిబిరాల్లో కూర్చుంటూనే ఉన్నారు. ఇక ఆ పొలాల్లో కూలి చేసి బతికిన దళితుడు మూడోవాడు. 1894 నాటి భూసేకరణ చట్టం భూమిమీద హక్కున్నవాడికి పరిహారం లెక్క కట్టింది. పొలం పోతే కూలి పోయినవాడి నష్టానికి దానిలో గడి లేదు.

అలాంటి దళితుడి ఇంట్లోనుంచే రిజర్వేషన్ మీద ఒక కొడుకు బ్లాస్ట్ ఫర్నేస్‌లోనో కోక్ ఓవెన్‌లోనో చేరాడు. ఉక్కునగరంలో క్వార్టరొచ్చింది. పిల్లలు మిగతా కులాల పిల్లలతో ఒకే బళ్లో చదివారు. ఒకే వేడి దగ్గర, ఒకే షిఫ్టులో, ఒకే యూనియన్లో నిలబడ్డారు. ఆల్‌పోర్ట్ చెప్పిన షరతులన్నీ పూర్తిగా కాకపోయినా చాలావరకు అక్కడ కుదిరాయి. ఊళ్లో గ్లాసు వేరు పెట్టినవాళ్ల కొడుకు ఇక్కడ క్యాంటీన్లో పక్కన కూర్చున్నాడు. అతన్ని అలా కూర్చోబెట్టింది ప్రభుత్వరంగ సంస్థ నియమం. మంచితనం ఆ తర్వాత వచ్చింది, వచ్చినచోట.

అందుకే 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఫ్యాక్టరీలో నూరుశాతం వాటా అమ్మేందుకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు కూర్మన్నపాలెం కూడలిలో చేరిన కార్మికులందరి కోపమూ ఒకటే కాదు. అగ్రకుల ఉద్యోగికి జీతం, పెన్షన్ భయం. నిర్వాసితుడికి ఇన్నాళ్లూ ఎదురుచూసిన ఉద్యోగం పూర్తిగా పోతుందన్న భయం. దళిత, ఆదివాసీ ఉద్యోగికి ఇవికాక ఇంకొకటుంది: ప్రైవేటు యజమానికి రిజర్వేషన్ పాటించే పని లేదు. తన కొడుక్కి తాను దాటిన గుమ్మమే ఉండదు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినా ఆ మూడో భయం తీరలేదు. ఉద్యమం గురించి రాసే వ్యాసాల్లో ఈ మూడో భయం ఎప్పుడూ చివరి పేరాలోకి పోతుంది. అది మొదటి పేరాలో ఉండాల్సిన మాట.

తన ఒంటిమీద దెబ్బ పడకపోయినా దృష్టి మారినవాళ్లు ఉన్నారా? విశాఖలో దానికి రాచకొండ విశ్వనాథశాస్త్రి కంటే మంచి ఉదాహరణ లేదు. 1922లో పుట్టి 1993లో పోయిన రావిశాస్త్రి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ప్లీడరు. మద్యనిషేధం రోజుల్లో సారా కేసుల్లో పట్టుబడ్డ బీదవాళ్లు కోర్టుల చుట్టూ తిరగడం ఆయన రోజూ చూశాడు. ‘ఆరు సారా కథలు’ అందులోంచి వచ్చాయి. ‘మాయ’ కథలో కొత్తగా నల్లకోటు వేసుకున్న కుర్ర వకీలుకు చట్టం అసలు రూపం చెప్పేది పుస్తకం కాదు, కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ. పోలీసు, సాక్షి, ప్లీడరు ఎవరెవరు ఎంతెంతకు అమ్ముడుపోతారో ఆమెకు తెలుసు. ఆమె మాట వినడానికి ఒక మనిషి కూర్చున్నాడు కాబట్టి ఆమె అనుభవం తెలుగు పాఠకుల అనుభవమైంది. వినడం కూడా ఒక అనుభవమే అని నేను నమ్మేది ఆ కథల వల్లే. అయితే రావిశాస్త్రి పక్కన అదే కోర్టులో కూర్చున్న ఎందరో ప్లీడర్లు అదే మాట విన్నారు, ఏమీ మారలేదు. ఆ తేడా ఎక్కడినుంచి వస్తుందో ఏ సర్వే పట్టుకోలేదు.

బెజవాడ విల్సన్ కథ దీనికి రెండో వైపు. ఆయన కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల పట్నంలో పాకీ పనిచేసే తెలుగు కుటుంబంలో 1966లో పుట్టారు. తామేం పని చేస్తున్నామో తల్లిదండ్రులు కొడుకు దగ్గర చాలాకాలం దాచారు. చదువుకున్న కుర్రాడు ఒకరోజు, పడిపోయిన బొక్కెన కోసం మలంలో చేయిపెడుతున్న పనివాణ్ణి చూసి కుప్పకూలి ఏడ్చాడు. తరతరాలుగా ఆ పని చేసినవాళ్లకు లేనిదేమిటి, ఈయనకు ఉన్నదేమిటి? అధికారులకు ఉత్తరాలు రాయొచ్చు, కోర్టుకు పోవచ్చు అన్న ఊహ. రాశారు. జవాబు రాకపోతే మళ్లీ రాశారు. 1994లో సఫాయి కర్మచారీ ఆందోళన్, 2003లో సుప్రీంకోర్టు వ్యాజ్యం, 2014 మార్చి 27న మురుగుకాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పదిలక్షలివ్వాలన్న తీర్పు, 2016లో మెగసెసే అవార్డు. సిగ్గుగా దాచుకున్న అనుభవం హక్కుగా మారడానికి ఒక తరం పట్టింది.

ఒకే దెబ్బ ఇద్దరికి రెండు రకాలుగా కనిపించడాన్ని 2020 మే నెలలో విశాఖ నడిరోడ్డుమీద చూసింది. నర్సీపట్నం ఆస్పత్రిలో మత్తుమందు డాక్టరు సుధాకర్ ఎన్-95 మాస్కులు ఇవ్వడం లేదని ఏప్రిల్‌లో బహిరంగంగా చెప్పారు, సస్పెండయ్యారు. మే 16న విశాఖ హైవే మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టిన దృశ్యాన్ని ఊరంతా ఫోన్లలో చూసింది. మానసిక ఆస్పత్రికి పంపారు. మే 22న హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఏడాదికి ఆయన చనిపోయారు. తాగి గొడవ చేసిన మనిషిని పోలీసులు అదుపు చేశారని కొందరు చూశారు. దళితుడు గనక రోడ్డుమీద అలా చేయగలిగారని కొందరు చూశారు. అక్కడ రాజకీయం కూడా కలిసిందన్నది నిజం. కానీ ఒక మాట అడగాలి: అధికార పార్టీకి చెందిన అగ్రకుల సర్జన్ని అలా కట్టి పడేయడాన్ని మనం ఊహించగలమా? ఊహించలేని చోటే కులం ఉంది. దాన్ని వెంటనే గుర్తుపట్టినవాళ్లు ఏదో ఒక కౌంటరు దగ్గర, ఏదో ఒక ఠాణాలో తమతో మాట మారడం గమనించినవాళ్లే. అమెరికాలో నల్లజాతివాళ్ల రాజకీయాల మీద మైకేల్ డాసన్ 1994లో రాసిన పుస్తకంలో దీనికి దగ్గరి ఆలోచన ఉంది: నా జాతికి ఏమైతే నాకూ అదే అవుతుందన్న లెక్క అక్కడి నల్లజాతివాళ్లకు రాజకీయాల్లో దారిచూపుతుంది. ఆ లెక్క బతుకులోంచి వస్తుంది, బడిలోంచి కాదు.

ఇప్పుడు విశాఖ పిల్లలు ఓడలు కాదు, విమానాలు ఎక్కుతున్నారు. అమెరికాలోని భారతీయుల మీద కార్నెగీ సంస్థ 2020లో 1,200 మందితో చేసిన సర్వేలో, గత ఏడాదిలో వివక్ష ఎదురైందని ఇద్దరిలో ఒకరు చెప్పారు, ఎక్కువగా చర్మం రంగు వల్ల. కులవివక్ష ఎదురైందన్నవారు నూటికి అయిదుగురు. కులాన్ని ఎవరు ఎక్కువ మోసుకెళ్లారో, ఎవరు దాచిపెట్టుకున్నారో ఆలోచించకుండా ఈ అయిదును చిన్న అంకె అనకూడదు. న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ, దళిత కుటుంబంలో పుట్టిన సుజాత గిడ్ల 2017లో ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ రాశారు. అమెరికా వీధిలో తెల్లవాడికి ఆమె భారతీయురాలు మాత్రమే. తెలుగువాళ్ల విందులో మాత్రం మీ ఊరేది, మీ ఇంటిపేరేది అన్న ప్రశ్నలు మొదలవుతాయి.

సియాటిల్‌లో 2023 జనవరి 23న ఆదోనికి చెందిన విద్యార్థినిని పోలీసు కారు గుద్ది చంపింది. ఆమె విలువను తక్కువచేస్తూ ఒక పోలీసు నవ్విన మాటలు బయటికొచ్చినప్పుడు తెలుగువాళ్లంతా ఒక్కటై కోప్పడ్డారు. ఆ కోపం న్యాయమైనది. ఆ మాటలు బయటికి రాకముందే, ఫిబ్రవరి 21న అదే నగర కౌన్సిల్ కులవివక్షను నిషేధిస్తూ 6–1 ఓట్లతో చట్టం చేసింది. అప్పుడు మాత్రం మన సంఘాలు రెండుగా చీలాయి. కొందరు స్వాగతించారు, కొందరు ఇది మమ్మల్ని దోషులుగా చూపుతోందన్నారు. తన రంగుకు విలువ తగ్గించిన మాట విని రగిలిన మనిషి, తన పక్కింటి తెలుగువాడి కులానికి రక్షణ కావాలంటే అనుమానించాడు. ఒకటి తాను తిన్న దెబ్బ, ఇంకొకటి తాను తినని దెబ్బ. రంగూన్ నుంచి సియాటిల్ దాకా ఈ గోడ అలాగే ఉంది.

దళితుల్లో కూడా అనుభవం ఒకటి కాదని చెప్పకపోతే ఈ సమీక్ష అబద్ధమవుతుంది. ఉత్తరాంధ్రలో వీధులూడ్చే పని, పండ్ల బండ్ల వ్యాపారం చేసే రెల్లివారు ఎస్సీ రిజర్వేషన్ చర్చల్లో ఎప్పుడూ వెనకబెంచీలోనే ఉన్నారు. 1997లో రాష్ట్రం ఎస్సీలను నాలుగు భాగాలు చేసి రెల్లి సమూహానికి ఒక శాతం ఇచ్చింది. 2004లో సుప్రీంకోర్టు ఆ విభజనను కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6–1తో వర్గీకరణ చెల్లుతుందంది. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రం ఆర్డినెన్స్ తెచ్చింది: రెల్లి సహా పన్నెండు ఉపకులాలకు ఒక శాతం, మాదిగ సమూహానికి 6.5, మాల సమూహానికి 7.5. ఈ వర్గీకరణ దళిత ఐక్యతను చీలుస్తుందని వాదించేవాళ్ల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఐక్యత లేకపోతే చుండూరు కేసు కోర్టుదాకా వచ్చేదే కాదు. కానీ ఇరవై ఏళ్లపాటు ఆగమన్నది ఎవరిని? ఆగిన ఇళ్లలో ఒక తరం పిల్లలు చీపురు పట్టుకున్నారు.

ఆ ఒక శాతం వర్తించేది రాష్ట్ర ఉద్యోగాలకు, సీట్లకు. కానీ నగరపాలక సంస్థలో పారిశుద్ధ్యం పని చాలావరకు ఔట్‌సోర్సింగ్ కిందికి పోయింది. 2023 డిసెంబరు చివర పర్మినెంటు చేయమని మునిసిపల్ కార్మికులు రాష్ట్రమంతా సమ్మె కట్టి, జనవరిలో హామీలు తీసుకుని పనిలోకి దిగారు. ఇంటర్ పాసైన రెల్లి అమ్మాయికి ఆ శాతంలోంచి మొదటి గుమాస్తా ఉద్యోగం వస్తుందో, తల్లి చేసిన కంట్రాక్టు పనే వస్తుందో రాబోయే నియామకాల జాబితాల్లో తేలుతుంది.